“తర్వాత చూద్దాంలే” అన్న అమ్మాయికి “వద్దు” అనడం నేర్పడం ఎలా?

గుంటూరు వైపు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. ఆవిడ కూతురు పదో తరగతి, కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటాడు. అమ్మాయి ఫోన్ చార్జింగ్‌లో ఉండగా, ట్యూషన్‌లో కలిసి చదివే అబ్బాయి పంపిన మెసేజ్ ఆవిడ కంటపడింది: “నిజంగా ఇష్టమైతే ఒక ఫోటో పంపు, ఎవరికీ చూపించను.” కింద అమ్మాయి జవాబు: “తర్వాత చూద్దాంలే.” భర్తకు చెబితే ఫోన్ లాగేసుకుని ట్యూషన్ మాన్పించమన్నారట. ఆవిడ అడుగుతున్నది ఇది: “ఈ వయసులో ఇలాంటివి వద్దని పిల్లలకు ఎలా చెప్పాలి? చెబితే లేని ఆలోచనలు మనమే పుట్టించినట్టు అవుతుందా? నాకైతే ఎక్కడ మొదలెట్టాలో కూడా తెలియడం లేదు.”

అమ్మా, మీరు ఆ అబ్బాయి మాట చూసి భయపడ్డారు. నేను మీ అమ్మాయి జవాబు దగ్గర ఆగిపోయాను.

“తర్వాత చూద్దాంలే” అని మనం ఎప్పుడంటాం? చేబదులు అడిగిన చుట్టానికి అంటాం. ఇవ్వడం ఇష్టం ఉండదు, కానీ మొహం మీద లేదని చెబితే ఏమనుకుంటారో అని నెట్టేస్తాం. మీ అమ్మాయి చేసింది అదే. ఆ పిల్లకి వద్దనే ఉంది. లోపల గీత ఉంది, పైకి చెప్పే నోరు రాలేదు. అంటే మీరు కొత్తగా నేర్పాల్సింది నిగ్రహం కాదు, అది ఎంతో కొంత ఆమె దగ్గర ఉంది. దాన్ని నోటితో చెప్పడం నేర్పాలి. ఆ రెండూ ఒకటే అనుకుని నేను చాలా ఏళ్లు పొరపాటు చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో జువాలజీ చెప్పాను. రిటైరయ్యాక నాలుగేళ్లుగా ఒక ఏరియా ఆసుపత్రిలోని కౌమార ఆరోగ్య క్లినిక్‌లో వారానికి రెండు రోజులు పిల్లలతో కూర్చుంటున్నాను.

ముందు ఈ రాత్రి సంగతి. ఫోన్ లాక్కోకండి. లాక్కుంటే ఆ పిల్ల నేర్చుకునేది ఒక్కటే: ఈసారి చార్జింగ్ వేరే గదిలో పెట్టుకోవాలని. ట్యూషన్ మాన్పిస్తే తప్పు తనదేనని ఆమెకు ఖాయమైపోతుంది. చూసిన సంగతి దాచకుండా చెప్పేయండి: “చార్జింగ్ పెట్టి ఉంటే మెసేజ్ కనపడిందిరా. కావాలని తెరవలేదు. నువ్వు పంపలేదు, అది చూశాను. అతను అలా అడిగితే నీకు ఎలా అనిపించింది?” అంతే. ఆ తర్వాత నోరు మూసుకోవడమే కష్టమైన పని. మనం తల్లులం ప్రశ్న వేసి, జవాబు కూడా మనమే చెప్పి, పైన ఒక ఉపన్యాసం ఇస్తాం. అయిదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉండగలిగితే పిల్ల మాట్లాడుతుంది.

ఎదురుగా కూర్చోబెట్టి మాత్రం అడగొద్దు, అది పోలీస్ స్టేషన్‌లా ఉంటుంది. చేతికి ఏదో పని ఉండాలి, కళ్లు కలపాల్సిన అవసరం ఉండకూడదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, బట్టలు మడతపెడుతూనో మాట్లాడండి. స్కూటీ మీద వెనక కూర్చున్న పిల్ల చెప్పినన్ని సంగతులు సోఫాలో కూర్చున్న పిల్ల చెప్పదు.

ఇక లేని ఆలోచనలు పుట్టించడం సంగతి. ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీలో మానవ ప్రత్యుత్పత్తి పాఠం ఉంటుంది. నేను చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన “అది ఇంట్లో చదువుకోండి, పరీక్షకు పటం వస్తుంది” అని పేజీలు తిప్పేసేవారు. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను. తర్వాత ఒక ఏడాది ధైర్యం చేసి, ఖాళీ అయిన సుద్దముక్కల డబ్బాకి చిల్లు పెట్టి ల్యాబ్ కిటికీలో ఉంచాను. పేరు రాయకుండా చీటీ వేయమన్నాను. వారానికి డబ్బా మూత పట్టలేదు.

ఆ చీటీలు కొన్ని ఇప్పటికీ గుర్తున్నాయి. “ముద్దు పెట్టుకుంటే కడుపొస్తుందా?” “మొదటిసారికి ఏమీ కాదంట, నిజమేనా?” “కాదంటే వదిలేసి వెళ్లిపోతాడేమో, ఏం చేయాలి?” ఎర్ర ఇంకుతో రాసిన చీటీ ఒకటి: “మా బావ ఎలాగూ నన్నే చేసుకుంటాడు. ఇప్పుడు వద్దంటే కోపం తెచ్చుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లు కూడా మీ బావే కదా అంటారు. నాకు భయంగా ఉంది.” ఈ ఆలోచనల్లో ఏ ఒక్కటైనా నేను పుట్టించానా? అవి ముందే ఉన్నాయి. అడగడానికి మనిషి లేక సగం అబద్ధాలతో బతుకుతున్నాయి. మొదటిసారికి ఏమీ కాదన్న మాట నమ్మి కూర్చున్న పిల్లకి నిజం చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? గర్భం మొదటిసారికి కూడా వస్తుంది. ముద్దుతో రాదు. ఈ రెండూ చెప్పడానికి నాకు పట్టింది అర నిమిషం.

చెబితే చెడిపోతారన్న భయం మనకే కాదు, ప్రభుత్వాలకూ ఉంది. ఎదిగే పిల్లలకు ఒంటి గురించి, లైంగిక విషయాల గురించి బడిలో చెప్పే కౌమార విద్యా కార్యక్రమాన్ని 2005లో కేంద్రం తెస్తే 2007కల్లా చాలా రాష్ట్రాల్లో గొడవ చేసి ఆపించారు. కానీ 2018లో యునెస్కో పలు దేశాల అధ్యయనాలను ముందు పెట్టుకుని తేల్చింది మాత్రం వేరు: పాఠం చెప్పడం వల్ల పిల్లలు ఆ పనికి తొందరపడరు, కొన్నిచోట్ల ఇంకా ఆలస్యం చేస్తారు.

దీనికి ఎదురు ప్రయోగం అమెరికాలో జరిగింది. 1996 నుంచి అక్కడి ప్రభుత్వం పెళ్లయ్యేదాకా ఆగండి అని మాత్రమే చెప్పే పాఠాలకు పెద్ద ఎత్తున డబ్బిచ్చింది. అలాంటి కొన్ని కార్యక్రమాలను వాళ్ల పార్లమెంటే లెక్క చూడమంటే 2007లో నివేదిక వచ్చింది. ఆ పాఠం విన్నవాళ్లకీ విననివాళ్లకీ తేడా కనిపించలేదు, మొదలెట్టిన వయసు కూడా సమానమే. అక్కడ పిల్లలతో ప్రతిజ్ఞలు కూడా చేయించేవారు. ప్రతిజ్ఞ చేసినవాళ్లను అయిదేళ్ల తర్వాత అడిగితే, నూటికి 82 మంది అసలు అలాంటి ప్రతిజ్ఞే చేయలేదన్నారని 2009లో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. పైగా వాళ్లు గర్భం రాకుండా తీసుకునే జాగ్రత్తలు మిగతావాళ్ల కంటే తక్కువ తీసుకున్నారు. మనం “నా మీద ఒట్టు” అని పిల్లల చెయ్యి నెత్తిన పెట్టించుకుంటామే, సరిగ్గా అదే ఇది. ఒట్టు అమ్మది. పిల్లలది కానప్పుడు ఎంతకాలం నిలుస్తుంది?

(విదేశాల్లో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట. బడిలో అన్నీ చెబుతారులే అని ధీమాగా ఉండకండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఆ పాఠం చెప్పాలని 2021లో చట్టం చేశారు. ఆ కాగితం మీ మెయిల్లో చూడకుండా పడి ఉందేమో.)

నేను ఆగమని చెప్పడానికి వ్యతిరేకిని కాదు. పదిహేను, పదహారేళ్ల పిల్లకి గానీ పిల్లాడికి గానీ ఇప్పుడు వద్దు అనే చెబుతాను, గట్టిగానే చెబుతాను. ఒంటికి, చదువుకు, మనసుకు అది తొందర. కానీ ఆ మాట ఎలా చెబుతున్నామన్నదే అసలు గొడవ, దాని దగ్గరికే వస్తున్నాను.

1999లో అనుకుంటాను. ఆడపిల్లల క్లాసులో, పాఠం అయ్యాక, పెద్దదాన్ని కదా అని ఒక సలహా ఇచ్చాను. మనందరికీ తెలిసిన సామెతే: ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా, చిరిగేది అరిటాకే. అందరూ తల ఊపారు. నేను చాలా మంచి మాట చెప్పాననుకున్నాను. రెండో బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి, రోజూ రికార్డు పుస్తకం పట్టుకుని నా టేబుల్ చుట్టూ తిరిగే పిల్ల, ఆ తర్వాత నా దగ్గరికి రావడం మానేసింది. నేను పట్టించుకోలేదు. ఆరు నెలలకు, ప్రాక్టికల్స్ ముందు, ఏడుస్తూ చెప్పింది. ఇంటికి వచ్చిపోయే దగ్గరి బంధువు ఒకడు ఏడాదిగా ఆమెను వేధిస్తున్నాడు. “మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నాను. “చెబుదామనే అనుకున్నా మేడమ్. మీరు అరిటాకు అన్నారు కదా. చిరిగిపోయిన దాన్ని ఏం చేసుకుంటారని...” అంది.

ఆ వాక్యం పూర్తి చేయలేదు. నేను ఇప్పటికీ పూర్తి చేసుకోలేకపోతున్నాను.

శీలం, పరువు, అరిటాకు, పగిలిన కుండ, కాలు జారడం. మన దగ్గర ఈ విషయానికి ఉన్న మాటలన్నీ ఒకసారి పోతే మళ్లీ రానివాటి మాటలే. ఇవి పిల్లల్ని కాపాడతాయని అనుకుంటాం. నిజానికి ఇవి కాపాడేది బ్లాక్‌మెయిల్ చేసేవాణ్ణి. ఒక ఫోటో పంపిన పిల్ల ఇక నా పని అయిపోయింది అనుకుంటుంది. ఆ అనుకోవడాన్ని ఆసరా చేసుకునే వాడు రెండో ఫోటో అడుగుతాడు, మూడోసారి రమ్మంటాడు. “నిన్న ఒప్పుకున్నావు కదా” అన్న మాటకు “అయితే ఏంటి, ఇవాళ వద్దు” అని చెప్పగలిగిన పిల్ల దగ్గర వాడి ఆట సాగదు. కాబట్టి వద్దు అని చెప్పే హక్కు ఎప్పటికీ అరిగిపోదని చెప్పండి. నిన్న సరే అన్నా ఇవాళ వద్దనొచ్చు, సగంలో వద్దనొచ్చు, బావకి చెప్పొచ్చు, నిశ్చితార్థం అయినవాడికి చెప్పొచ్చు.

పెళ్లి సంగతి ఎందుకు ఎత్తానంటే, మన దగ్గర ఈ వయసు ఆడపిల్లలకు ముప్పు ప్రేమల వైపు నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో 23 మంది పైచిలుకు. ఆంధ్రలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి పన్నెండు మందికి పైగా అప్పటికే తల్లులో గర్భిణులో. పిల్ల ఎవరితోనైనా తిరుగుతుందేమో అన్న భయంతో పదిహేడేళ్లకే ముడిపెట్టేసే ఇళ్లు నాకు చాలా తెలుసు. ఆ పిల్లని ఏం ఆపినట్టు? భార్యే అయినా పద్దెనిమిది నిండకపోతే అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది.

ఇప్పుడు గీత గీసుకోవడం. క్లినిక్‌లో నేను చేసే పద్ధతి ఇది, ఇంట్లోనూ చేయొచ్చు. తెల్ల కాగితం ఇచ్చి, నాకు చూపించనక్కర్లేదు, రాసుకుని మడిచి పర్సులో పెట్టుకో అంటాను. ఎంతవరకు నాకు సరే, ఎక్కడ ఆగాలి, ఎందుకు. పిల్లలు ముందు పెద్ద పెద్ద విషయాలే అనుకుంటారు. నేను చిన్నవి గుర్తుచేస్తాను. తలుపు వేసిన గదిలో ఇద్దరే కూర్చోవడం సరేనా? భుజం మీద చెయ్యి? ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వడం? చీకటి పడ్డాక బండి మీద ఊరి బయటికి? ఎలాంటి ఫోటో సరే, ఎలాంటిది కాదు? వీడియో కాల్ రాత్రి ఎన్నింటి దాకా? ఇక్కడ గీత లేనివాళ్లకు అసలు చోట గీత నిలవదు.

“ఎందుకు” అన్న చోట మన కారణాలు రాయించొద్దు. ఒక అమ్మాయి “నాకు ఎస్సై అవ్వాలనుంది, ఇప్పుడు ఇంకో గోల వద్దు” అని రాసుకుంది. దేవుడి మీద నమ్మకంతో రాసుకునేవాళ్లు ఉంటారు, అదీ మంచి కారణమే. ఒకబ్బాయి “భయం” అని ఒక్క మాట రాశాడట, అతనే చెప్పాడు. అదీ సరిపోతుంది. ఊరికే ఇష్టం లేదు అన్నా సరిపోతుంది.

ఇదంతా ముందే, మనసు కుదురుగా ఉన్నప్పుడే జరగాలి. బిర్యానీ ముందు కూర్చుని ఎవరూ ఉపవాసం నిర్ణయించుకోరు. ఆ వయసులో ఆవేశం పుట్టించే మెదడు భాగాలు ముందే పదునెక్కుతాయి. ఆగి ఆలోచించమనే ముందు భాగం ఇరవై దాటి అయిదారేళ్లకు గానీ పూర్తిగా కుదురుకోదు. అందుకే మంచి మార్కులొచ్చే పిల్లలు కూడా ఆ పది నిమిషాల్లో వేరే మనుషులైపోతారు. అది తెలివితక్కువతనం కాదని, అందుకే ఇద్దరే ఉండే చోట్లను ముందే తప్పించుకోవాలని పిల్లలకు అలాగే చెప్పండి. వాళ్లకు అర్థమవుతుంది.

రాసుకున్నాక నోటితో అనిపించాలి. ఇది చాలామంది వదిలేస్తారు. మొన్నామధ్య ఒక అమ్మాయి చేత “వద్దు” అనిపించాను. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, నవ్వుతూ, “వద్దూ...?” అంది. చివర్లో ప్రశ్నార్థకం! ఆ అబ్బాయి దానికి “ఎందుకు?” అంటాడు, ఈ పిల్ల కారణాలు వెతుక్కుంటుంది, అతను ఒక్కో కారణాన్నీ కొట్టేస్తాడు. కారణం చెప్పక్కర్లేదు అన్నాను. నాలుగోసారికి నవ్వు పోయింది. ఏడోసారికి చున్నీ వదిలేసింది. “నాకు వద్దు. మళ్లీ అడగకు” అంది, మామూలు గొంతుతో, బస్సులో టికెట్ అడిగినట్టు. ఆ గొంతు కావాలి. అరవక్కర్లేదు, ఏడవక్కర్లేదు. మీ అమ్మాయితో ఆ ఫోటో మెసేజ్‌కి జవాబు ఇలాగే అనిపించండి. తనే టైప్ చేయాలి, మీరు కాదు: “నాకు ఇష్టం లేదు. ఇంకోసారి అడగొద్దు.” ఆ మాటకు అతను అలిగితే, తిడితే, ఒట్టేస్తే, అదంతా అతని గురించి ఆమెకు ఉచితంగా దొరికిన సమాచారం. ఇష్టమైతే పంపు అన్నవాడికి నా చీటీల డబ్బాలో ఒక పిల్లే మంచి జవాబు రాసింది: “ఇష్టముంటే అడగడు.”

అయితే అమ్మా, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మీ ఇంట్లో ఆ పిల్ల వద్దు అంటే చెల్లుతుందా?

మన ఇళ్లలో భోజనాల దగ్గర చూడండి. చాలు అని కంచం మీద చెయ్యి అడ్డం పెడితే, వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోస్తాం. అది ప్రేమే, నేనూ పోశాను, మా అమ్మ నాకు పోసింది. కానీ అయిదేళ్ల పిల్ల మామయ్య ఒళ్లో కూర్చోనంటే “తప్పు, మామయ్య ఏమనుకుంటాడు” అని కూర్చోబెట్టామా లేదా? బుగ్గ గిల్లితే విసుక్కున్న పిల్లని పెంకిదని అన్నామా లేదా? నచ్చని జాకెట్ కుట్టించి, పెళ్లిలో అందరూ చూస్తారని వేయించామా లేదా? పదేళ్లపాటు నీ ఒంటి మీద నీ మాట చెల్లదని నేర్పి, పదిహేనో ఏట బయటివాడికి గట్టిగా వద్దని చెప్పమంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఎదుటివాళ్లు నొచ్చుకోకూడదు అనేదే ఆమెకు మనం బాగా నేర్పిన పాఠం. తర్వాత చూద్దాంలే అనేది ఆ పాఠంలోంచి వచ్చిందే.

కాబట్టి చిన్నచోట్ల మొదలెట్టండి. గది తలుపు తట్టి లోపలికి వెళ్లండి. పండక్కి వచ్చిన పెద్దాయనకు నమస్కారం పెడితే చాలు, దగ్గరికి వెళ్లి హత్తుకోనక్కర్లేదని మీరే అందరి ముందూ అనండి. అత్తగారు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనివ్వండి. ఆ క్షణంలో మీ అమ్మాయి మీ మొహం వైపు చూస్తుంది చూడండి.

మీ ప్రశ్నలో అబ్బాయి గురించి హాస్టల్లో ఉంటాడని తప్ప ఒక్క ముక్క లేదు. ఈ విషయంలో నాకు అందరు తల్లుల మీదా ఉన్న ఫిర్యాదు ఇదే. మగపిల్లాడికి ఏమవుతుందిలే అనుకుంటాం. అబ్బాయిల క్లాసు డబ్బాలో వచ్చిన చీటీ: “నాకు అలాంటివి ఇష్టం లేదు. కానీ లేదంటే రూములో అందరూ మగాడివేనా అంటారు.” ఆగాలనుకునే మగపిల్లలు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. వాళ్లకు ఆగే అర్హత ఉందని చెప్పేవాళ్లే లేరు. హాస్టల్లో వాళ్లకు దొరికే పాఠం ఫోన్లో తిరిగే వీడియోలు. అందులో ఎవరూ ఎవరినీ అడగరు, ఎవరూ వద్దనరు. వెంటపడితే ఎప్పటికైనా ఒప్పుకుంటుందని మన సినిమాలు యాభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. మీవారినే మాట్లాడమనండి. ఉపన్యాసం అక్కర్లేదు. హాస్టల్ నుంచి వచ్చే ఆదివారం బండి మీద తీసుకొస్తూ రెండే మాటలు: నీకు ఇష్టం లేనిది ఎవరో నవ్వుతారని చేయకు. ఎదుటి అమ్మాయి “తర్వాత చూద్దాంలే” అంటే, నవ్వి మాట మార్చేస్తే, ఏమీ అనకుండా ఉంటే, అన్నిటికీ అర్థం వద్దు అనే. చెల్లికి వచ్చిన మెసేజ్ సంగతి మాత్రం అతనికి చెప్పకండి, అది చెల్లెలి సొంత విషయం. చెబితే ఆ కుర్రాణ్ణి కొట్టడానికి బయల్దేరతాడు, ఇంకో కథ మొదలవుతుంది.

చట్టం కూడా ఇద్దరికీ తెలియాలి. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లు ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదు. ఇద్దరూ ఇష్టపడే కదా అన్నది వాదనగా పనికిరాదు. పదహారు దాటిన అబ్బాయి మీద తీవ్రమైన కేసు పడితే, బాలల న్యాయ మండలి అతని మానసిక స్థితి చూసి, పెద్దవాడిగా విచారించాలని కూడా పంపొచ్చు. ఇలా కేసుల్లో ఇరుక్కున్న పదిహేడేళ్ల కుర్రాళ్లను నేను చూశాను. రౌడీలేం కాదు, ఎంసెట్ మెటీరియల్ బ్యాగులో పెట్టుకుని తిరిగే పిల్లలు. ఫోటోల సంగతి కూడా అంతే. పద్దెనిమిది లోపువాళ్ల అలాంటి చిత్రం పంచుకోవడమే కాదు, ఫోన్లో చూసి దాచుకున్నా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో తీర్పు చెప్పింది. మీ అమ్మాయిని అడిగిన ఆ కుర్రాడికి ఇది తెలిసి ఉండదు. రోడ్డు నియమాలు చెప్పినట్టు చెప్పండి, బూచాణ్ణి చూపించినట్టు కాదు.

ఒకవేళ ఫోటో ముందే ఎప్పుడో వెళ్లిపోయి ఉంటే? అడగండి, కానీ “పంపావా?” అని కాదు, “ఇంతకు ముందు ఏదైనా పంపి ఇప్పుడు టెన్షన్ పడుతుంటే చెప్పు, తీయించే మార్గాలున్నాయి” అని. ఉన్నాయి కూడా. చాట్ చెరపొద్దు, అదే ఆధారం. డబ్బులు అడిగితే ఇవ్వొద్దు, ఇంకో ఫోటో అడిగితే అస్సలు పంపొద్దు. పద్దెనిమిది లోపు పిల్లల చిత్రాలు తీయించడానికి “టేక్ ఇట్ డౌన్” అనే ఉచిత సేవ ఉంది. ఫోటోని అక్కడికి పంపనక్కర్లేదు, ఫోన్లోనే దానికొక గుర్తు తయారై ఆ గుర్తు మాత్రమే వెళుతుంది. దాంట్లో చేరిన సోషల్ మీడియా కంపెనీలు ఆ గుర్తు పట్టుకుని వెతికి తీసేస్తాయి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098, మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416. ఈ మూడు నంబర్లూ ఫ్రిజ్ మీద గ్యాస్ నంబర్ పక్కన రాసిపెట్టండి. అందరికీ కనపడే చోట ఉంటే ఎవరి కోసం రాశారో ఎవరూ అడగరు.

గీత దాటిపోయిన పిల్లల సంగతీ చెప్పాలి, ఎందుకంటే ఆగమని మాత్రమే చెప్పి ఊరుకుంటే వాళ్లు ఎవరి దగ్గరికీ రారు. నెలసరి తప్పితే యూట్యూబ్ చూసి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంటే ప్రాణాల మీదికి రావొచ్చు, డాక్టర్ దగ్గరికి రావాలి. పద్దెనిమిది లోపు అయితే డాక్టర్ పోలీసులకు తెలియజేయడం చట్టప్రకారం తప్పనిసరి. కానీ గర్భస్రావం కోసం వచ్చినప్పుడు అమ్మాయి, సంరక్షకులు కోరితే ఆమె పేరు, వివరాలు అందులో ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఈ ఒక్క సంగతి తెలియక నాటు వైద్యం దాకా వెళ్లినవాళ్లున్నారు. నిరోధ్ ఎందుకు వాడతారో, సుఖవ్యాధుల నుంచి అది ఎలా కాపాడుతుందో పదో తరగతి పిల్లకి తెలియడం వల్ల కొంపలు మునగవు. తెలిసినవాళ్లందరూ వాడేయరు. మంటలార్పే సిలిండర్ గోడకి తగిలించినంత మాత్రాన ఎవరూ ఇల్లు తగలబెట్టుకోరు.

చివరగా ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి, మా క్లినిక్‌కి వచ్చే ఒక కుటుంబం నుంచి నేర్చుకున్నదే. ఇంట్లో ఒక సంకేతం పెట్టుకోవాలి. వాళ్లది “అమ్మా, గ్యాస్ బుక్ చేశావా?” అన్న ప్రశ్న. ఎక్కడున్నా, ఎవరితో ఉన్నా, పిల్ల ఫోన్ చేసి ఆ మాట అడిగితే అర్థం: నాకు ఇక్కడ బాగోలేదు, వచ్చి తీసుకెళ్లండి. షరతు ఒక్కటే. ఆ రోజు ఏ ప్రశ్నా వేయకూడదు.

సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి తొమ్మిదింటికి ఆ ఫోన్ వచ్చిందట. స్నేహితురాలి పుట్టినరోజుకని వెళ్లిన పిల్ల. తండ్రి లుంగీ మీదే బండి తీశాడు. సందు చివర నిలబడి ఉంది, వెనక ఎక్కింది, ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆయనకు అడగాలని నాలుక దురద పెట్టిందట, నాతో చెబుతూ నవ్వాడు. బస్టాండ్ దగ్గర టిఫిన్ బండి కనపడితే ఆపాడు. ఇద్దరూ చెరో ప్లేటు ఇడ్లీ తిన్నారు. “ఇంకోటి చెప్పనా?” అంటే “చాలు నాన్నా” అంది. ఆయన ఇంకోటి చెప్పలేదు. ఏం జరిగిందో పిల్ల తొమ్మిది రోజుల తర్వాత, పెరట్లో బట్టలు ఆరేస్తూ, వాళ్లమ్మకు చెప్పింది.